టోక్యోలో సెంతోకి మొదటిసారి వెళ్ళడం ఎలా (సిగ్గుపడేవాళ్ళ కోసం)

నవంబర్ వచ్చిందంటే చాలు, నాకు ఒకటే మెసేజ్‌లు. "అక్కా, మా వీధి చివర పొడుగు పొగగొట్టం ఉన్న స్నానాల ఇల్లుంది కదా, అందులోకి మనం వెళ్ళొచ్చా? నిజంగానే బట్టలు లేకుండానా?" అని. వెళ్ళొచ్చు, దాన్నే ఇక్కడ సెంతో అంటారు. అవును, బట్టలు లేకుండానే. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక అయిపోయింది కాబట్టి మొత్తం ఒకేచోట రాసి పెడుతున్నా, ఇకమీద అడిగినవాళ్ళకి ఇదే పంపిస్తా.

నేను రాజమండ్రి మనిషిని. 2015 పుష్కరాల్లో అంతమంది మధ్య గోదాట్లో మునిగాను, కాకపోతే చీర కట్టుకుని. అదే నేను టోక్యోలోని నిషి కసాయ్‌లో ఇల్లు తీసుకున్నాక సెంతో గుమ్మం దాటడానికి రెండేళ్ళు పట్టింది. వెళ్ళిన మొదటిరోజు తెలిసిందేంటంటే అక్కడ మన ఒంటిని ఎవరూ చూడరు, కానీ తొట్టిలో దిగేముందు సరిగ్గా కడుక్కున్నామా లేదా అన్నది మాత్రం అందరూ చూస్తారు. కింద రాసినదంతా దాని గురించే అనుకోండి.

ముందు పేర్లు తేల్చుకుందాం, ఎందుకంటే సగం తికమక అక్కడే. సెంతో అంటే పేటలో ఉండే మామూలు పబ్లిక్ స్నానశాల. ఒన్సెన్ అంటే భూమిలోంచి వచ్చే వేడినీటి ఊట. సూపర్ సెంతో అంటే తిండి, మసాజ్, పడక కుర్చీలు అన్నీ ఉండే పెద్దది, రేటు కూడా పెద్దదే. మామూలు సెంతోకి ఇంతకంటే ఎక్కువ తీసుకోకూడదని ప్రభుత్వమే రేటు పెడుతుంది. టోక్యోలో 2024 ఆగస్టులో పెద్దవాళ్ళకి 550 యెన్ చేశారు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి 200, ఇంకా చిన్నవాళ్ళకి 100. మీరు వెళ్ళేసరికి పెరిగిందేమో గుమ్మం దగ్గర బోర్డు చూస్కోండి. 1968లో టోక్యోలో ఇవి 2,687 ఉండేవట, ఇప్పుడు నాలుగొందల పైచిలుకు మిగిలాయి, ప్రతి ఇంట్లోనూ బాత్‌టబ్ వచ్చేశాక ఇంకెవరు వస్తారు చెప్పండి. అందుకే మనలాంటి కొత్త మొహాలు కనిపిస్తే చాలా చోట్ల సంతోషమే పడతారు.

ఏమేం పట్టుకెళ్ళాలి

- పల్చటి చిన్న టవల్ ఒకటి (లోపలికి), ఒళ్ళు తుడుచుకునే పెద్ద టవల్ ఒకటి (లాకర్లో ఉంచడానికి)
- సబ్బు, షాంపూ. టోక్యోలో చాలా చోట్ల లోపలే పెడుతున్నారు గానీ అన్నిచోట్లా కాదు
- జుట్టు పైకి కట్టుకోవడానికి రబ్బరు బ్యాండు, క్లిప్పు
- వెయ్యి యెన్ నోటు, కాసిని చిల్లర నాణేలు. ఫోన్‌తో కట్టొచ్చులే అని ధీమాగా వెళ్ళొద్దు, నగదు తప్ప తీసుకోని పాతవి ఇంకా ఉన్నాయి
- తడి టవల్‌కి ప్లాస్టిక్ కవరు, తాగడానికి మంచినీళ్ళు
- ఒంటికి రాసుకునే క్రీము, చలికాలంలో ఆ వేడికి చర్మం పగిలిపోతుంది

ఏమీ లేకుండా ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళినా పర్లేదు. "తెబురా సెట్" అని అడగండి, అంటే ఉత్త చేతులతో వచ్చినవాళ్ళ కోసం టవల్, సబ్బు, షాంపూ కలిపి తక్కువ డబ్బుకి ఇస్తారు.

పట్టుకెళ్ళకూడనివి: స్విమ్‌సూటు, నైటీ, లంగా. ఏదో ఒకటి కట్టుకుని దిగుతానంటే ఒప్పుకోరు. ఇంకో ముఖ్యమైనది, ఆ రోజు తలకి కొబ్బరినూనె పెట్టుకోకండి. తలంటు పోసుకుంటాం కదా అని మనం నూనె దట్టించి మరీ వెళ్తాం, రెండుసార్లు షాంపూ పెట్టినా జిడ్డు వదలదు, తొట్టిలో నీళ్ళ మీద అది మెరుస్తూ తేలితే మీకే తల కొట్టేసినట్టుంటుంది. నూనె ఇంటికొచ్చాక రాసుకోండి.

ఎప్పుడు వెళ్ళొద్దు: పీరియడ్స్‌లో, జ్వరం ఉన్నప్పుడు, మానని పుండ్లు ఉన్నప్పుడు, మందు తాగి, కడుపునిండా అన్నం తిని వెంటనే. డైపర్ మానని పిల్లల్ని చాలా చోట్ల రానివ్వరు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వెళ్ళకండి, ఇది మొహమాటపడే విషయం కాదు.

1. ఎక్కడికి, ఎప్పుడు

టోక్యో సెంతోల సంఘం వెబ్‌సైట్‌లో వార్డుల వారీగా మ్యాప్ ఉంది, దగ్గర్లో ఏముందో చూస్కోండి. చాలావరకు మధ్యాహ్నం మూడు, నాలుగింటికి తెరిచి రాత్రి పదకొండు, పన్నెండు దాకా ఉంచుతారు, వారానికి ఒకరోజు సెలవు, ఆ రోజు ఏదో ముందే చూడకపోతే టవల్ చంకన పెట్టుకుని వెనక్కి రావాలి. తెరిచే వేళకి వెళ్తే పేటలో ముసలాళ్ళంతా అక్కడే ఉంటారు, వాళ్ళకి మొదటి నీళ్ళంటే ప్రాణం. మా వైపు అయితే మామూలు రోజుల్లో సాయంత్రం ఆరున్నర ప్రాంతం ఖాళీ, అందరూ భోజనాల దగ్గరుంటారు. మొదటిసారి అప్పుడు వెళ్ళండి.

కాస్త దూరం వెళ్ళగలిగితే ఓతా వార్డులో కమాతా వైపు కొన్ని సెంతోల్లో నల్లటి ఒన్సెన్ నీళ్ళు ఉంటాయి, అచ్చం డికాక్షన్ రంగు. ఎప్పుడో భూమిలో కూరుకుపోయిన చెట్టూ చేమా కలిసిన నీళ్ళు కాబట్టి ఆ రంగు. రేటు మాత్రం మామూలు సెంతో రేటే.

2. గుమ్మం దగ్గర

వాకిట్లో వేలాడే గుడ్డ తెరని నోరెన్ అంటారు. దాటగానే చెప్పులు విప్పండి, ఎత్తుగా ఉన్న చెక్క నేల మీద చెప్పుకాలు పడకూడదు. చెప్పులు చిన్న అరలో పెట్టి, దానికున్న చెక్క పలకని లాగేస్తే తాళం పడిపోతుంది. ఆ చెక్క పలకే తాళంచెవి, పారేసుకోకండి.

3. డబ్బులు కట్టడం

టికెట్ మెషిన్ ఉంటే టికెట్ తీసి కౌంటర్లో ఇవ్వాలి, లేకపోతే "ఒతోనా హితోరి, ఒనెగాయ్ షిమాస్" అంటే చాలు, పెద్దవాళ్ళు ఒకరు అని. సౌనా (చెమట పట్టించే వేడి గది) కావాలంటే విడిగా డబ్బు కట్టాలి, దానికి గుర్తుగా చేతికి బ్యాండో వేరే రంగు టవలో ఇస్తారు. కట్టకుండా ఆ తలుపు తీస్తే బాగుండదు. నాకు తెలియక తీశాను, లోపలున్న ఆవిడ నా మణికట్టు వైపు ఒకసారి చూసి ఊరుకుంది, ఆ చూపు చాలు.

ఒక హెచ్చరిక. పాతకాలం సెంతోల్లో కౌంటర్ని బన్‌దాయ్ అంటారు, అది ఆడ, మగ బట్టలు మార్చుకునే గదులు రెండిటికీ మధ్యలో ఎత్తు మీద ఉంటుంది. అక్కడ కూర్చున్న మనిషికి రెండు వైపులా కనిపిస్తుంది, ఆ మనిషి ఒక్కోసారి తాతగారు కూడా కావచ్చు. అది మీవల్ల కాదనుకుంటే ముందు హాలు ఉండి అక్కడ కౌంటర్ ఉన్న కొత్తరకం సెంతో ఎంచుకోండి, ఇప్పుడు ఎక్కువ అవే.

4. ఏ తలుపు

ఇక్కడ తప్పు చేస్తే మాత్రం పెద్ద గొడవ. మామూలుగా మగవాళ్ళది నీలం తెర, ఆడవాళ్ళది ఎరుపు తెర, కానీ రంగుని నమ్ముకోకండి, అక్షరం చూడండి. పైన నాలుగు గళ్ళ కిటికీలాంటి డబ్బా ఉంటే అది మగవాళ్ళది. డబ్బా లేకుండా మూడే గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ, కాళ్ళు అడ్డంగా వేసుకు కూర్చున్న మనిషిలా ఉంటే ఆడవాళ్ళది. పోయినవారం కుడివైపు వెళ్ళాం కదా అని ఈ వారం కూడా కళ్ళు మూసుకుని కుడివైపు వెళ్ళకండి, కొన్నిచోట్ల రెండు వైపులూ మారుస్తుంటారు.

పిల్లల సంగతి: టోక్యోలో 2022 జనవరి నుంచి ఏడేళ్ళు నిండిన మగపిల్లాడు అమ్మతో ఆడవైపు గానీ ఆడపిల్ల నాన్నతో మగవైపు గానీ వెళ్ళకూడదు. మా వాడికి ఆరేళ్ళప్పుడు నాతోనే వచ్చేవాడు, పుట్టినరోజు దాటగానే వాళ్ళ నాన్న వంతు.

5. బట్టలు విప్పడం

సిగ్గు ఇక్కడే కదా. లాకర్ ఎదురుగా నిలబడి, అటు తిరిగి, గబగబా అన్నీ విప్పి లోపల పడేసి, తాళంచెవి బ్యాండు చేతికో కాలికో తగిలించుకుని, చిన్న టవల్ ముందు అడ్డం పెట్టుకుని నడిచి వెళ్ళిపోండి. మెల్లగా ఒక్కొక్కటే విప్పుతూ అటూ ఇటూ చూస్తే ఇంకా ఎక్కువ కనబడతారు. ఫోన్ లాకర్లోనే, బయటికి తీయకూడదు, టైమ్ చూసుకోవడానికి కూడా తీయకండి, గోడకి గడియారం ఉంటుంది.

నగల గురించి బాగా అడుగుతారు. మంగళసూత్రం, నల్లపూసలు తీయాలని రూల్ ఏమీ లేదు. నేను బంగారం ఇంట్లో పెట్టి పసుపుతాడు ఒక్కటే ఉంచుకుంటా. మెట్టెలు, పట్టీలు మామూలు సెంతో నీళ్ళలో ఏమీ కావు, కానీ కుసాత్సు లాంటి గంధకం ఒన్సెన్‌కి వెళ్తే మాత్రం వెండి నల్లగా అయిపోతుంది, అక్కడ తీసేయండి. మగవాళ్ళ మొలతాడు, జంధ్యం ఉంచుకోవచ్చా అని అడిగినవాళ్ళకి మా ఆయన జవాబు: "ఏళ్ళ తరబడి వెళ్తున్నా, ఒక్కరూ ఏమీ అనలేదు, ఒక తాతగారు మాత్రం బెల్టు మర్చిపోయావా అన్నాడు."

పచ్చబొట్టు ఉంటే? పేట సెంతోల్లో చాలావరకు రానిస్తారు, సూపర్ సెంతోలు, హోటల్ ఒన్సెన్లలో ఎక్కువగా రానివ్వరు. డబ్బు కట్టకముందే "తాత్తూ, దైజోబు దెస్ కా" అని అడగండి.

6. కడుక్కోవడం (ఇదే అసలు పని)

లోపలికి వెళ్ళగానే తొట్టి వైపు పరిగెత్తొద్దు. పొట్టి స్టూలు, బకెట్ ఒకటి తీసుకుని, ఖాళీ కుళాయి ముందు కూర్చోండి. స్టూలు మీద ముందు నీళ్ళు పోసి కడగండి. ఆ పసుపు బకెట్ మీద రాసి ఉండేది కెరోరిన్ అని, తలనొప్పి మందు పేరు, 1963 నుంచి ఆ కంపెనీవాళ్ళు బకెట్ల మీదే ప్రకటన వేసుకుంటున్నారు. ఒసాకా వైపు ఇదే బకెట్ కాస్త చిన్నది, అక్కడివాళ్ళు తొట్టిలోంచే ముంచి ఒంటి మీద పోసుకుంటారు కాబట్టి బరువు లేకుండా చేశారు, ఇంచుమించు మన చెంబే.

నిజానికి ఈ పని మనకి పుట్టుకతో వచ్చు. పీట, బకెట్, కూర్చుని పోసుకోవడం, షవర్‌కి అలవాటుపడ్డ తెల్లవాళ్ళకంటే మనమే నయం. పాత సెంతోల్లో వేడికి ఒక కుళాయి, చల్లటికి ఒక కుళాయి విడివిడిగా ఉంటాయి, నొక్కితే కాసేపు వచ్చి ఆగిపోతాయి. వేడిది చేయి కాలేంత ఉంటుంది, ముందు చన్నీళ్ళు పట్టి తర్వాత వేడివి కలపండి. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు అని సామెత చెప్పి మన అమ్మమ్మలు జీతాల గురించి మాట్లాడేవాళ్ళు గానీ ఇక్కడ అక్షరాలా అదే పని.

నిలబడి స్నానం చేయకండి, కూర్చునే చేయాలి. పక్కనున్న మనిషి మీద మీ సబ్బు నీళ్ళు చిందడం ఇక్కడ పెద్ద తప్పు, మనం తల మీదనుంచి గుమ్మరించుకుంటే అటూ ఇటూ రెండు కుళాయిల దాకా పడతాయి. భుజం పక్కనుంచి, మెల్లగా పోసుకోండి. తల రుద్దుకుంటే బాగా కడిగి పైకి ముడి వేసి క్లిప్పు పెట్టండి. జడ వేలాడుతూ నీళ్ళలో పడకూడదు. బట్టలు ఉతకడం, జుట్టుకి రంగు వేయడం అస్సలు కుదరదు.

తొట్టి దగ్గరికి వెళ్ళేముందు చూస్కోవాల్సినవి: చెవుల వెనక, మెడ వెనక నురగ ఉందా. వేళ్ళతో రాస్తే ఒళ్ళు జారుతుందా, జారితే సబ్బు ఇంకా ఉన్నట్టే. వెనక్కి తిరిగి మీరు కూర్చున్న చోటు చూడండి, అక్కడ నురగ గానీ రాలిన వెంట్రుక గానీ ఉంటే కడిగేయండి. అద్దానికి కూడా ఒక చెంబెడు నీళ్ళు పోయండి.

7. తొట్టిలోకి

టోక్యో సెంతోల్లో నీళ్ళు దాదాపు 42 డిగ్రీలు, పాతవాటిలో ఇంకా వేడి కూడా ఉంటుంది. గోడ మీద చిన్న అంకెల బోర్డు ఉంటుంది, రెండు మూడు తొట్లుంటే అన్నిటికంటే తక్కువున్నదాంట్లో మొదలుపెట్టండి. ముందు కాళ్ళ మీద, తర్వాత నడుం మీద, భుజాల మీద నీళ్ళు పోసుకుని, అంచు మీద కూర్చుని, మెల్లగా జారండి. దూకడం, ఈదడం, తల ముంచడం లేదు. పుష్కర స్నానంలా మూడు మునకలు వేసే అలవాటు నాకు చాలా రోజులు పోలేదు, ముక్కు మూసుకుని మునగబోతుంటే పక్కావిడ కంగారుపడి చేయి పట్టుకుంది, నాకు కళ్ళు తిరిగి పడిపోతున్నా అనుకుంది పాపం.

చిన్న టవల్ నీళ్ళలో తగలకూడదు. మడిచి తల మీద పెట్టుకోండి లేదా గట్టు మీద పెట్టండి. పిండటం లాంటివి తొట్టి బయటే.

మొదటిసారి మూడు నిమిషాలు చాలు. లేచి, బయట కూర్చుని, మళ్ళీ దిగండి. గుండె దడదడలాడినా, మొహం మండుతున్నట్టున్నా వెంటనే బయటికి రండి, కానీ ఒక్కసారిగా లేవకండి, అలా లేస్తేనే కళ్ళు తిరుగుతాయి. గట్టు పట్టుకుని, ముందు కూర్చుని, తర్వాత నిలబడాలి.

మరీ వేడిగా ఉంటే చన్నీళ్ళ కుళాయి తిప్పొచ్చా? తిప్పొచ్చు, కానీ లోపల ఎవరైనా ఉంటే "ఉమెతె మొ ఈ దెస్ కా" అని అడిగి తిప్పండి. కొంతమంది ముసలాళ్ళు ఆ మంటనీళ్ళ కోసమే వస్తారు, అడక్కుండా చల్లార్చేస్తే చిరాకుపడతారు. అడిగితే మాత్రం నూటికి తొంభైమంది వాళ్ళే లేచి తిప్పుతారు. కలిపాక కుళాయి కట్టేయడం మర్చిపోకండి.

భుజాల దాకా మునిగి కూర్చున్నాక ఎదుటి గోడ చూడండి, చాలా చోట్ల ఫుజీ కొండ బొమ్మ ఉంటుంది. ఈ అలవాటు 1912లో కందా ప్రాంతంలోని కికాయ్‌యు అనే సెంతోలో మొదలైంది. ఫుజీ ఎక్కే ఓపిక లేని నాలాంటివాళ్ళకి ఇదే దర్శనం.

8. మిగతా తొట్లు

మిజుబురో అంటే చన్నీళ్ళ తొట్టి, సౌనా తర్వాత దిగుతారు, చెమట కడుక్కోకుండా దిగితే తప్పు. దెంకిబురో అంటే కరెంటు తొట్టి, రెండు పక్కలా పలకలుండి సన్నగా షాక్ కొడుతుంది, నడుం నొప్పికి మంచిదని కూర్చుంటారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దాని దగ్గరికే వెళ్ళొద్దు. నాకైతే గ్రైండర్ షాక్ కొట్టిన రోజులు గుర్తొచ్చాయి, మళ్ళీ దిగలేదు.

9. బయటికి రావడం

ఇక్కడ పదిమందిలో తొమ్మిదిమంది తప్పు చేస్తారు. తడి ఒంటితో బట్టల గదిలోకి రాకూడదు. చిన్న టవల్ గట్టిగా పిండి, తలుపు లోపలివైపే నిలబడి నెత్తి నుంచి అరికాళ్ళ దాకా తుడుచుకోండి, అప్పుడు బయటికొచ్చి పెద్ద టవల్ వాడండి. సరిగ్గా చేశారా అని తెలియాలంటే వెనక్కి తిరిగి చూడండి, చాప మీద మీ అడుగుల ముద్రలు తడిగా కనిపిస్తే మళ్ళీ తుడుచుకోవాల్సిందే. జుట్టు ఆరబెట్టే మెషిన్‌కి కొన్నిచోట్ల నాణేలు వెయ్యాలి, చిల్లర తెమ్మన్నది అందుకే. చలికాలంలో తల పూర్తిగా ఆరకుండా సైకిలెక్కకండి.

అయినా సిగ్గు పోకపోతే

బలవంతం ఏమీ లేదు. ఊళ్ళకి వెళ్ళినప్పుడు ఒన్సెన్ హోటళ్ళలో కషికిరి అని ఒక కుటుంబానికి మాత్రమే గంట లెక్కన ఇచ్చే గది ఉంటుంది, భార్యాభర్తలు, పిల్లలు కలిసి వెళ్ళొచ్చు. హకోనేలో యునెస్సున్ అని స్విమ్‌సూట్‌తో దిగే చోటుంది, ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే నేను అక్కడికే తీసుకెళ్తా. అదీ వద్దంటే అషియు, కాళ్ళు మాత్రం ముంచే తొట్లు, ఒన్సెన్ ఊళ్ళలో స్టేషన్ల దగ్గర ఉచితంగా ఉంటాయి.

ఇంకో చిట్కా, స్నేహితులతో మొదటిసారి వెళ్ళకండి. అందరూ కలిసి వెళ్తే ధైర్యం అనుకుంటారు గానీ రేపు ఆఫీసులో కనబడాల్సిన మనుషుల ముందు విప్పడమే కష్టం. ముక్కూమొహం తెలియని ముసలమ్మల మధ్య ఒక్కరే వెళ్ళండి, చాలా తేలిక. అక్టోబర్ 10 సెంతో రోజు, 10/10ని 1010 అనుకుని, వెయ్యిని సెన్ అని, పదిని తో అని చదివితే సెంతో అవుతుందని ఆ తేదీ పెట్టారు. డిసెంబర్‌లో పొద్దు తక్కువగా ఉండే రోజున తొట్టిలో యుజు కాయలు వేస్తారు, మన నిమ్మకాయకీ దబ్బకాయకీ మధ్య వాసన, మొదటిసారికి ఆ రోజు బాగుంటుంది గానీ జనం ఉంటారు.

అన్నీ అయ్యాక హాల్లో ఫ్రిజ్ ఉంటుంది, గాజు సీసాలో కాఫీ పాలు దొరికితే కొనుక్కుని తాగండి. తాగేసిన సీసా అక్కడే పక్కనున్న పెట్టెలో పెట్టాలి, ఇంటికి తేకూడదు. నాకు తెలియక తెచ్చేసి, ముద్దుగా ఉందని కడిగి ఇంగువ పోసి పెట్టుకున్నా. సంగతి తెలిశాక తిరిగి ఇవ్వడానికి వారం రోజులు బేకింగ్ సోడాతో తోమాను, వాసన పోలేదు, ఇంకా మా వంటింట్లోనే ఉంది.